పూత గోడకి, మచ్చలు మార్బుల్‌కి

సంపాదకులకు,

ఎండాకాలం వచ్చిందంటే జనం కాపురం ఉంటున్న ఇళ్లలోనే తాపీ పని మొదలవుతుంది. పైవాళ్ల బాత్రూం కారి ఉబ్బిన స్లాబు, వైరింగు కోసం గాడి కొట్టిన గోడ, చెమ్మకు పెచ్చులూడిన మూల, ఇలా ఏదో ఒకటి. కొత్త ఇంట్లోనైతే ముందు ప్లాస్టరింగ్, తర్వాతే బండలు. మరమ్మతులో ఈ వరస తిరగబడుతుంది. కింద పాలిష్ పట్టిన నేల, చుట్టూ వార్డ్‌రోబులు ఉండగానే పైన మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) కొట్టాలి. అయినా మేస్త్రి ఇచ్చే కొటేషన్‌లో గోడ చదరపు అడుగులే ఉంటాయి, నేల కప్పే ఖర్చు ఎక్కడా ఉండదు. పని అయిపోయాక ఎవరో ఒకరు యాసిడ్ సీసా తెస్తారు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది కాబట్టి ముందు ఆ సంగతే చెప్తాను.

సిమెంటు మరకను వదలగొట్టే హైడ్రోక్లోరిక్ యాసిడ్ మరకతో ఆగదు. మార్బుల్ అంటే కాల్షియం కార్బనేట్, యాసిడ్ పడగానే బండే కరుగుతుంది. బుసబుసమని పొంగేది మురికి కాదు, మీ పాలిష్. తడిగా ఉన్నప్పుడు శుభ్రపడినట్టే కనిపిస్తుంది. ఆరాక కిటికీ వెలుతురులో పక్కనుంచి చూస్తే అంతమేరా మెరుపు పోయి ఉంటుంది, మళ్లీ మిషన్ పెట్టాల్సిందే. తాండూరు, కడప, బేతంచెర్ల బండలు పరిచిన ఇళ్లవాళ్లు మార్బుల్ కాదు కదా అని ధీమాగా ఉంటారు. అవీ సున్నపురాయి జాతే. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ కూడా ఇదే పని నెమ్మదిగా చేస్తాయి. విట్రిఫైడ్ టైల్‌ను యాసిడ్ పెద్దగా ఏమీ చేయలేదు గానీ, టైళ్ల మధ్య సందుల్లోని సిమెంటును కొరికేస్తుంది. దాని ఆవిరి కుళాయిల క్రోమును, తలుపు బందులను పాడుచేస్తుంది. యాసిడ్ పోసినచోట బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్రూంలో అది ప్రాణాపాయం.

కాబట్టి మరక పడకుండా చూడటమే దారి. చాలామంది చేసేది పాత పేపర్లు పరవడం. మీ పత్రికకే రాస్తూ ఈ మాట అనకూడదు గానీ, తడిసిన పేపరు సిరా తెల్ల మార్బుల్‌కి అంటుకుంటే తేలిగ్గా వదలదు. గోనెసంచులు తడిస్తే నార రంగు దిగి గోధుమరంగు మచ్చలు పడతాయి. పల్చటి ప్లాస్టిక్ కవరు గంటలో చిరుగుతుంది. ఫ్లెక్సీలకు మన దగ్గర లోటు లేదు, అవి పనికొస్తాయి కూడా. బొమ్మ ఉన్న వైపు పైకి, తెల్ల వైపు నేలకు ఉండేలా పరవాలి.

ఏది పరిచినా ముందు నేల ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, పూర్తిగా ఆరనివ్వాలి. ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. ఇసుక రేణువు మార్బుల్ కన్నా చాలా గట్టిది. షీటు కింద పిడికెడు ఇసుక ఉండి, పైన మనిషి ఎక్కిన నిచ్చెన కాలు కదిలిందంటే అది గరుకు కాగితంతో రుద్దినట్టే. ప్లాస్టిక్ షీటైతే మందం కనీసం 500 గేజు, అంటే దాదాపు 125 మైక్రాన్లు ఉండాలి. 12 అడుగులకు 12 అడుగుల గదికి 14కు 14 తీసుకుంటే అన్ని వైపులా ఒక అడుగు గోడ మీదికి మడత వస్తుంది. పూత వేసే గోడ దగ్గర మాత్రం మడత పెట్టకుండా స్కర్టింగ్ (గోడ అడుగున అంటించిన బండ పట్టీ) పై అంచు దాకా తెచ్చి మాస్కింగ్ టేపు వేయాలి. అతుకు వచ్చినచోట ఒక ముక్క మీద ఇంకోటి అర అడుగు ఎక్కాలి, టేపు ప్లాస్టిక్‌కీ ప్లాస్టిక్‌కీ మధ్యే ఉండాలి. ప్యాకింగ్‌కి వాడే గోధుమరంగు టేపు నేలకో పాలిష్ చెక్కకో అంటిస్తే, ఎండవేడికి దాని జిగురు అక్కడే మిగిలిపోతుంది. మార్బుల్ కొత్తగా పరిచి, కింద మాలు ఇంకా ఆరకపోతే, ప్లాస్టిక్ గట్టిగా కప్పకండి. లోపలి చెమ్మ బయటికి పోలేక బండ మీద మబ్బు మచ్చలుగా తేలుతుంది.

ప్లాస్టిక్ నీళ్లనే ఆపుతుంది, దెబ్బను ఆపదు. గోడకు కొట్టిన మాలులో కిందపడేది ఎక్కువగా గోడ మొదట్లో మూడడుగుల లోపే పడుతుంది. ఆ మేర ప్లాస్టిక్ మీద 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీట్లు పరిస్తే రెండు లాభాలు. నేల బతుకుతుంది, పడిన మాలు శుభ్రంగా ఉంటుంది కాబట్టి వెంటనే ఎత్తి వాడుకోవచ్చు. స్లాబు పెచ్చులు కొట్టేటప్పుడు ఇదీ చాలదు. పదడుగుల ఎత్తు నుంచి పిడికిలంత పెచ్చు పడితే టైలు అంచు లేచిపోతుంది, అందుకే ప్లైవుడ్ మీద పాత బొంతో పరుపో వేయాలి. ఇనప స్టాండు కాళ్ల కింద ప్లైవుడ్ ముక్కలు పెట్టాలి. తడిలో ఇనుము వదిలే తుప్పు మచ్చ సిమెంటు మచ్చ కన్నా మొండిది. పెచ్చులను సంచుల్లో సగం దాకానే నింపించండి. నిండా నింపితే ఎవరూ ఎత్తరు, నేలమీద ఈడ్చుకుపోతారు.

సామాను విషయంలో సోఫా కప్పడం అందరికీ తెలుసు. ముందు దుప్పటి, దాని మీద ప్లాస్టిక్ వేయాలి. ప్లాస్టిక్ నేరుగా చుట్టి వారం వదిలేస్తే లోపల చెమ్మ పట్టి బూజు వాసన వస్తుంది. అందరూ మరిచేది వార్డ్‌రోబుల అడుగు. పార్టికల్ బోర్డు, ఎమ్‌డీఎఫ్ చెక్క నీళ్లు పీలిస్తే ఉబ్బుతుంది, మళ్లీ సర్దుకోదు. కదిలేవాటిని ఆ గదిలోంచి తీసేయండి. గోడకు బిగించినవాటికి కింద అడుగు ఎత్తు ప్లాస్టిక్ చుట్టి, నేల షీటు అంచును ఆ చుట్టిన ప్లాస్టిక్ కిందుగా పోనిచ్చి, నీళ్లు చెక్కవైపు రాకుండా బయటికే జారేలా చూడాలి. టేకు మీద మాలు పడితే వెంటనే తుడవాలి, సిమెంటు క్షారానికి చెక్క నల్లబడుతుంది. ఏసీ, ఫ్యాను ఆపి కప్పాలి. ఫ్రిజ్‌ను కప్పాల్సి వస్తే ఆపే కప్పాలి. స్విచ్‌బోర్డుల ప్లేట్లు తీసి, డబ్బాల్లో థర్మోకోల్ కుక్కితే లోపల మాలు గట్టిపడదు. ఆ గదికి కరెంటు ఆపాకే ఈ పని.

మాలు ఎక్కడ కలుపుతారన్నది ముందే తేల్చుకోవాలి. వంద చదరపు అడుగుల గోడకు 12 మిల్లీమీటర్ల పూత, 1:6 పాళ్లలో (ఒక వంతు సిమెంటుకు ఆరు వంతుల ఇసుక) వేయాలంటే సిమెంటు బస్తాలో మూడింట రెండొంతులు, ఇసుక ఐదు ఘనపుటడుగులు సరిపోతాయి. దీనికోసం హాల్లో ఇసుక కుప్ప పోయించుకోవడం ఎందుకు? బాల్కనీలో టార్పాలిన్ పట్టా మీద జల్లించి, ప్లాస్టిక్ టబ్బులో అరగంటలో వాడేంత మాత్రమే కలిపి, తట్టతో లోపలికి తెప్పించండి. గది గుమ్మం దగ్గర తడిపిన మందపాటి గుడ్డ పరిస్తే మేస్త్రి కాళ్లతో ఇసుక మిగతా గదులకు పోదు.

తట్టలు, తాపీలు బాత్రూంలో కడగనివ్వకండి. సిమెంటు గట్టిపడటానికి గాలి అక్కర్లేదు, నీళ్లలోనూ గట్టిపడుతుంది. కడిగిన బురద బాత్రూం నీళ్లు పోయే నహానీ ట్రాప్ వంపులో పేరుకుని అక్కడే రాయవుతుంది, ఆ తర్వాత ఏ మందు పోసినా కదలదు, గచ్చు పగలగొట్టాలి. రెండు బకెట్లు పెట్టి మొదటిదాంట్లో కడిగి, రెండోదాంట్లో జాడించమనండి. రాత్రంతా కదలకుండా ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది. దాన్ని పెచ్చుల సంచిలో వేయాలి. పైన తేరిన నీళ్లను వీలైతే మర్నాడు మాలు కలపడానికే వాడుకోవచ్చు.

ఇంత జాగ్రత్తపడ్డాక కూడా పాడయ్యేది చివర్లోనే. పూత అయిపోయిన సాయంత్రమే షీట్లు తీసేసి ఇల్లు కడుగుతారు. సిమెంటు పూతకు వారం రోజులు నీళ్లు కొట్టాలి కదా, ఆ నీళ్లు గోడ మీది సిమెంటు పాలతో కలిసి కిందికి కారి, ఆరాక తెల్ల పొర కడతాయి. వార్డ్‌రోబులు ఉబ్బేదీ ఈ వారంలోనే. పైపుతో కొట్టకుండా, చేతిపంపు స్ప్రేతో రోజుకు మూడు నాలుగుసార్లు గోడ తడిసేంత మటుకే కొట్టాలి. చిన్న ముక్కలైతే తడిపిన గుడ్డ అంటించి పైన ప్లాస్టిక్ కప్పితే నీళ్లు కారనే కారవు. లోపలి పొడి గోడకైతే జిప్సం ప్లాస్టర్ మేలు, దానికి క్యూరింగ్, అంటే నీళ్లు కొట్టే పనే లేదు. చెమ్మ వచ్చే గోడకు, బాత్రూంకు మాత్రం అది పనికిరాదు. ఇక లప్పం పెట్టి గరుకు కాగితం పట్టేటప్పుడు రేగే పొడి తలుపు సందుల్లోంచి పక్క గదుల బీరువాల దాకా పోతుంది. తలుపు సందులు టేపుతో మూసి, ఫ్యాను వేయకుండా, ముక్కుకు మాస్కు కట్టుకుని చేయాలి. షీటు తీయాల్సింది ఆ పొడి కూడా ఎత్తేశాకే. అంచులు లోపలికి మడుచుకుంటూ గది మధ్యకు చుట్టి బయటికి మోయాలి, లాగకూడదు.

అయినా నేల మీద మాలు పడితే అరగంటలోపు చెక్కముక్కతోనో ప్లాస్టిక్ గరిటెతోనో ఎత్తి, స్పాంజితో రెండుసార్లు నీళ్లు మార్చి తుడిస్తే చాలు. మర్నాటికి గట్టిపడితే, మార్బుల్ మీద చెక్కముక్కతో ఓపిగ్గా లేపడమే, మిగిలిన మచ్చ పాలిష్ మిషన్ పని. విట్రిఫైడ్ మీదైతే సల్ఫామిక్ యాసిడ్ ఉన్న టైల్ క్లీనర్ వాడొచ్చు. ముందు సందులను నీళ్లతో తడిపి, పోసిన కాసేపటికే బాగా కడిగేయాలి.

ఇదంతా చేయడానికి గదికి ఇద్దరు మనుషులకు ఒక పూట పడుతుంది. ఆ కూలి తనమీద పడుతుందని తెలిసి ఏ మేస్త్రీ తనంతట తాను చేయడు, అతన్ని తప్పుపట్టలేం. కాబట్టి కొటేషన్‌లోనే నేల, సామాను కప్పడం, వారంపాటు షీట్లు ఉంచడం, తర్వాత తీయడం అని విడిగా ఒక వరస రాయించి, దానికి వేరే రేటు ఇవ్వండి. పని మొదలయ్యే రోజు ఉదయం నేలను, వార్డ్‌రోబుల అడుగులను మేస్త్రి ఎదుటే ఫోన్‌లో ఫొటోలు తీసిపెట్టుకుంటే, పాత గీత ఏదో కొత్త గీత ఏదో వాదన ఉండదు. చివరి వాయిదా డబ్బు పూత ఆరిన రోజున కాకుండా షీట్లు తీసి నేల చూసుకున్న రోజున ఇచ్చేలా మాట్లాడుకోండి.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజినీరు,
విజయవాడ