మంత్రి గారూ, కొత్త అప్పు తర్వాత, ముందు పాత బిల్లు

గౌరవనీయ ఆర్థిక మంత్రి గారికి,

మీది ఏ వర్ధమాన దేశమైనా సరే, బడ్జెట్ ప్రసంగంలో చిన్న వ్యాపారాల గురించి ఒక పేరా ఉండే ఉంటుంది. ‘దేశానికి వెన్నెముక’ అంటారు, బల్లలు చరుస్తారు, వెంటనే ఓ కొత్త రుణ పథకం. అప్పు దొరక్కపోవడం నిజమే. కానీ చేసిన పనికి డబ్బు రాకపోవడం అంతకంటే పెద్ద బాధండీ.

ఆరుగురు పనివాళ్లున్న వెల్డింగ్ షెడ్డు అనుకోండి. ఓ ప్రభుత్వ కార్యాలయానికి ఇనుప బీరువాలు చేసి పంపింది. ఇనుము నగదు పెట్టి కొన్నదే. కరెంటు బిల్లు గడువు దాటితే ఫ్యూజు పీకేస్తారు. శనివారం సాయంత్రం ఆరుగురూ చేతులు కడుక్కుని కూలి కోసం నిలబడతారు. బిల్లేమో ఒక టేబుల్ మీంచి పక్క టేబుల్ మీదికి రావడానికే నెల పడుతుంది. ఫోన్ చేస్తే, ‘సార్ క్యాంపులో ఉన్నారు, వచ్చే వారం కనబడండి’. ఈలోగా యజమాని ముందు చేబదులు, తర్వాత వడ్డీకి, ఆ తర్వాత ఇంట్లో బంగారం. పైగా చాలా దేశాల్లో అమ్మకంపై పన్ను, బిల్లు రాసిన నాటి లెక్కనే పడుతుంది. చేతికి రాని డబ్బుకి ముందే పన్ను కట్టాలి! అంటే సర్కారుకి వెల్డింగ్ షెడ్డు అప్పిస్తోందన్నమాట, అదీ వడ్డీ లేకుండా.

ప్రపంచంలోని వ్యాపార సంస్థల్లో దాదాపు 90 శాతం చిన్న, మధ్యతరహావేనని, ఉద్యోగాల్లో సగానికి పైగా అవే ఇస్తున్నాయని ప్రపంచ బ్యాంకు చెబుతుంది. ఏడో మనిషిని పెట్టుకుందామనుకున్న యజమాని, ఇరుక్కుపోయిన బిల్లు చూసుకుని ఆరో మనిషిని మానుకోమంటాడు. పోయిందని ఏ పేపర్లోనూ రాని ఉద్యోగం అది.

చట్టాలు లేకపోలేదు. భారతదేశం 2006లోనే సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలంది. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే ‘బ్యాంక్ రేటు’కు మూడు రెట్లు చక్రవడ్డీ. యూరోపియన్ యూనియన్ 2011లో ప్రభుత్వ సంస్థలకు సాధారణంగా 30 రోజుల గడువు పెట్టింది. బాగానే ఉంది. కానీ ఫిర్యాదు చేసేదెవరు? రేపు ఆర్డరు ఇవ్వాల్సిందీ ఆ ఆఫీసే కదా.

కాబట్టి ఎవరూ అడగకుండానే గడువు దాటిన రోజు నుంచి వడ్డీ పడేలా చూడండి. చిన్నవాళ్ల దగ్గర పన్ను, వాళ్ల చేతికి బిల్లు డబ్బు అందాకే తీసుకోండి. ఏ శాఖ ఎంత బాకీ ఉందో, ఎన్నాళ్లుగా ఉందో ప్రతి నెలా ప్రకటించండి. దీనికి పథకం పేరు, రిబ్బన్ కత్తిరింపు అక్కర్లేదు. మొదటి జాబితా మీ సొంత శాఖదే కానివ్వండి.

ఇట్లు,
బిల్లు కోసం ఎదురుచూస్తున్న ఒక చిన్న వ్యాపారి