లయన్స్ మేన్ క్యాప్సూల్స్ ఎందుకు ఆపేశానంటే

లయన్స్ మేన్ పుట్టగొడుగు క్యాప్సూల్స్ అమ్మడం ఆపేశాను. స్టాక్ అయిపోయి కాదు. వాటిలో ఉన్నదేమిటో నాకే సరిగా తెలియకుండా రెండేళ్లు మీకు అమ్మాను. ఈ మాట మీరు ఇంకెవరి దగ్గరో వినకూడదు, నేనే చెప్పాలి.

మొదట పట్టుకున్నది ఒక పాత కస్టమర్. ఆవిడ స్కూల్లో సైన్స్ చెబుతారు. క్యాప్సూల్ విప్పి, పొడిని నీళ్లలో కలిపి, రెండు చుక్కలు అయోడిన్ వేశారట. నీలి నలుపుకి తిరిగింది. స్టార్చ్, అంటే పిండిపదార్థం, ఉంటే అలా మారుతుంది. "పుట్టగొడుగులో స్టార్చ్ ఉండదు కదండీ, ఇదెక్కడి నుంచి వచ్చింది?" అని మెసేజ్ పెట్టారు. నాకు కోపం వచ్చింది. సప్లయర్ ఇచ్చిన సర్టిఫికెట్ ఫొటో తీసి పంపి ఊరుకున్నాను. ఆవిడ మళ్లీ ఏమీ అనలేదు. అలా అనకపోవడమే నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

పొద్దున్నే నేనూ అయోడిన్ తెచ్చి, రెండు వేరువేరు బ్యాచ్‌ల పొడి మీద వేసి చూశాను. రెండూ నల్లబడ్డాయి. పుట్టగొడుగులు శక్తిని గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి, మొక్కల్లాగా స్టార్చ్‌గా కాదు. అంటే ఆ నలుపు పొడిలో కలిసిన ధాన్యానిది. తర్వాత బయట ల్యాబ్‌లో బీటా-గ్లూకాన్, ఆల్ఫా-గ్లూకాన్ విడివిడిగా కొలిపించాను. పుట్టగొడుగు కణాల గోడల్లో ఉండేది మొదటిది. స్టార్చ్ రెండో రకం. మన పొడిలో రెండోదే ఎక్కువ.

సర్టిఫికెట్ దొంగది కాదు, నా బాధంతా అక్కడే. అందులో 'మొత్తం పాలీశాకరైడ్లు' (చక్కెర అణువులు గొలుసుగా కలిసిన పదార్థాలు) అని పెద్ద అంకె ఒకటి ఉంది. స్టార్చ్ కూడా పాలీశాకరైడే కాబట్టి ఆ అంకె తప్పు కాదు. దాన్ని చూసి సంతోషపడి, అందులో ఏది ఎంత అని అడగకుండా వదిలేసింది నేను. "ప్రతి సరుకూ నేనే చూసి తెస్తాను" అని మీకు ఎన్నిసార్లు చెప్పానో నాకు గుర్తుంది.

సప్లయర్‌కి ఫోన్ చేస్తే, "మైసీలియం కూడా లయన్స్ మేనే కదా" అన్నారు. మైసీలియం అంటే పుట్టగొడుగు రాకముందు అల్లుకునే తెల్లటి దారాలు. వాటిని ధాన్యం మీద పెంచుతారు. ఆ దారాలను ధాన్యం నుంచి విడదీయడం కష్టం కాబట్టి అంతా కలిపే ఎండబెట్టి పొడి చేసేస్తారు. మైసీలియం పనికిరానిదని నేను అనను. దానిలో ఎరినసిన్లు అనే పదార్థాలు ఉంటాయి, అసలు పుట్టగొడుగులో హెరిసెనోన్లు అనేవి ఉంటాయి. ల్యాబ్‌లో కణాల మీద పరీక్షించినప్పుడు ఈ రెండు రకాలూ నాడీకణాల పెరుగుదలకు తోడ్పడే ఎన్‌జీఎఫ్ అనే ప్రొటీన్ తయారీని పెంచాయి. కానీ నేను అడిగింది పుట్టగొడుగు, డబ్బు కట్టింది పుట్టగొడుగుకి. "లేబుల్ మీద 'మష్రూమ్ కాంప్లెక్స్' అని మార్చుకోండి, సరిపోతుంది" అని ఆయన సలహా ఇచ్చారు. సరిపోదు అని చెప్పి పెట్టేశాను. ఇకమీదట ఆయన దగ్గర ఏ సరుకూ తీసుకోను. ఇది మొండితనం అని మా ఇంట్లోనే అన్నారు. అననివ్వండి.

అసలు నన్ను మూడు వారాలు నలిపేసింది సప్లయర్ సంగతి కాదు. మంచి సరుకు దొరికితే మళ్లీ అదే లేబుల్‌తో అమ్మవచ్చా అన్నది. మన సీసా మీద 'జ్ఞాపకశక్తికి మేలు' అని ఉండేది. ఆ మాటకు ఆధారం జపాన్‌లో చేసి 2009లో ప్రచురించిన ఒక పరిశోధన. దాన్ని ఈసారి మొదటి నుంచి చివరిదాకా చదివాను. 50 నుంచి 80 ఏళ్ల మధ్య వయసుండి, తేలికపాటి మతిమరుపు ఉన్న 30 మంది. సగం మందికి అసలు మాత్రలు, సగం మందికి ఉత్తుత్తి మాత్రలు, 16 వారాలు. అసలువి వేసుకున్నవాళ్ల స్కోర్లు పెరిగాయి, నిజమే. మాత్రలు ఆపిన నాలుగు వారాలకి తగ్గాయి కూడా. వాళ్లు రోజుకి 3 గ్రాముల పొడి తీసుకున్నారు. మన రెండు క్యాప్సూల్స్ కలిపితే 1 గ్రాము, అదీ సగానికి పైగా ధాన్యం. మీలో కొందరు ఇంట్లో పెద్దవాళ్ల మతిమరుపు చూసి ఎంతో ఆశతో కొన్నారు. 30 మంది మీద జరిగిన ఒక పరీక్షను చూపించి ఆ ఆశను అమ్మడం తప్పు. మంచి పుట్టగొడుగు దొరికినా సరే, ఆ మాట మళ్లీ రాయను.

"పోనీ గింకో తెప్పించండి" అని ఇద్దరు అడిగారు. గింకో అంటే జ్ఞాపకశక్తి కోసమని అమ్మే ఒక చెట్టు ఆకుల సారం. దాని మీద అమెరికాలో 3,000 మందికి పైగా వృద్ధులతో సుమారు ఆరేళ్లు నడిపిన పెద్ద పరీక్ష ఫలితం 2008లో వచ్చింది. డిమెన్షియా (వయసుతో వచ్చే తీవ్రమైన మతిమరుపు జబ్బు) రాకుండా అది ఆపలేదు. అందుకని తెప్పించను.

నేను అమ్మే ఇంకో పుట్టగొడుగు రెయిషీ కూడా ఇప్పుడు ల్యాబ్‌లో ఉంది, రిపోర్ట్ వచ్చేదాకా అమ్మను. అమెరికా మార్కెట్‌లో దొరికే 19 రెయిషీ ఉత్పత్తులను పరీక్షిస్తే లేబుల్‌కి సరిపోయినవి ఐదే అని 2017లో ఒక పరిశోధన వచ్చింది. అది ముందే చదివి ఉంటే సర్టిఫికెట్‌ని అంత తేలిగ్గా నమ్మేదాన్ని కాదు.

అశ్వగంధ మాత్రం కొనసాగుతుంది. ఒత్తిడి తగ్గుతుందని చూపిన పరీక్షలు ఉన్నాయి, కానీ చిన్నవి, చాలావరకు రెండు మూడు నెలలవే. కొద్దిమందికి కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది కూడా. గర్భిణులు, థైరాయిడ్ మందులు వాడేవాళ్లు, కాలేయ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా కొనకండి. ఈ హెచ్చరిక ఇకనుంచి సీసా ముందువైపే ఉంటుంది, వెనకాల చిన్న అక్షరాల్లో కాదు.

లయన్స్ మేన్ కొన్నవాళ్లందరికీ పూర్తి డబ్బు వాపసు. సీసా ఖాళీ అయినా సరే, బిల్లు లేకపోయినా సరే. ఎవరికైనా డాక్టర్ రాసిన మందు మానేసి దీన్ని వాడుతున్న సంగతి ఉంటే, దయచేసి ఈరోజే డాక్టర్‌తో మాట్లాడండి.

కొత్త సప్లయర్‌ని ఇంకా వెతుకుతున్నాను. ఎవరైనా సరే, ప్రతి బ్యాచ్‌కీ బీటా-గ్లూకాన్, స్టార్చ్ అంకెలు వేరువేరుగా ఇవ్వాలి, నేను మళ్లీ బయట పరీక్ష చేయించుకుంటాను. సైన్స్ టీచర్ గారికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. కొత్త సరుకు వచ్చిన రోజు మొదటి శాంపిల్ ఆవిడకే పంపిస్తానన్నాను. చూసి చెబుతానన్నారు.