బడ్జెట్ లెక్కల్లో నీటినీ మట్టినీ చేర్చండి

గౌరవనీయులైన ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం. వాతావరణ మార్పు సంగతి పర్యావరణ శాఖ చూసుకుంటుందిలే అని వదిలేయకండి. అది నేరుగా మీ ఖజానాను తాకే విషయం.

గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. అందుకే పడితే కుండపోత, లేదంటే నెలల తరబడి ఎండ. కుండపోత నేలలోకి ఇంకదు, సారవంతమైన పైమట్టిని కడుక్కుపోతుంది. ఎండిపోయిన చెరువు అడుగున ఒకసారి నిలబడి చూడండి. అరచెయ్యి దూరేంత పగుళ్లు, అంచులు పైకి లేచిన మట్టి పెంకులు. పంట పోతే ధరలు పెరుగుతాయి, ఆ తర్వాత ద్రవ్యోల్బణం టెన్షన్ మీదే.

దెబ్బ రైతుతో ఆగదు. 2023లో కరవుకి, పనామా కాలువకు నీరిచ్చే గటూన్ సరస్సు నీటిమట్టం పడిపోయి, ఆ కాలువలో రోజూ దాటే ఓడల సంఖ్యే తగ్గించాల్సి వచ్చింది. వేడి వల్ల 2030 నాటికి ప్రపంచ పని గంటల్లో 2.2 శాతం పోతాయని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ అంకే. మిట్టమధ్యాహ్నం ఇనప చువ్వ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, వదిలేస్తే ఆ రోజు కూలి పోతుంది.

భూగర్భ జలం తోడి పండించిన పంట జీడీపీలో ఆదాయంగా కనిపిస్తుంది. అడుగంటిన నీరు మాత్రం నష్టంగా కనిపించదు. సహజ వనరులకు లెక్కలు రాసే పద్ధతిని ఐక్యరాజ్య సమితి గణాంక సంఘం 2012లోనే ఆమోదించింది. వచ్చే బడ్జెట్‌తో పాటు నీరు, నేల, అడవుల నిల్వల పట్టికను కూడా సభ ముందు పెట్టండి.

ఇట్లు,
ఒక పౌరురాలు