తల్లిదండ్రులకు లేఖ: పోయిన ఏడాది వచ్చిన ఫ్లూ మళ్లీ ఎందుకొచ్చింది?

తల్లిదండ్రులకు నమస్కారం.

ఏడో తరగతి 'బి' సెక్షన్‌లో సగం బెంచీలు ఖాళీగా ఉన్న సంగతి ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. "నిరుడు వచ్చి తగ్గింది కదా, మళ్లీ ఎలా వస్తుంది? టీకా వేయించి ఏం లాభం?" అని మీ వాట్సాప్ గ్రూపులో సాగుతున్న చర్చ నా దాకా వచ్చింది. అడగవలసిన ప్రశ్నే. జవాబు మన పిల్లలే చెప్పారు.

తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు సోమవారం అసెంబ్లీలో 'చెరువు నిండింది' అని చీటీ రాసి ముందు వరుసకు ఇచ్చారు. చూసి గబగబా రాసి వెనక్కి అందించాలి, దిద్దకూడదు. మధ్యలో గుడి ఎగిరిపోయి 'నండింది' అయింది, చివరి వరుసలో 'మండింది'గా తేలింది. ఫ్లూ వైరస్ తన తయారీ వివరాలుండే ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీసుకునేటప్పుడూ తప్పులు దిద్దేవారు ఉండరు. ఆ తప్పుల్లో చాలావరకు వైరస్‌కే చేటు. కానీ దాని పైపొరలోని హెమగ్లుటినిన్ అనే ప్రొటీన్‌లో వచ్చిన మార్పు మన ఒంట్లో వైరస్‌ను గుర్తుపట్టి అడ్డుకునే యాంటీబాడీల కన్నుగప్పిందంటే, ఆ రకమే నిలిచి వ్యాపిస్తుంది. 1968లో హాంకాంగ్‌లో బయటపడిన హెచ్3ఎన్2 అనే ఫ్లూ రకం ఇలా మారుతూనే నేటికీ తిరుగుతోంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి టీకాలో ఏ రకాలు ఉండాలో సమీక్షిస్తుంది. నిరుటి టీకా ఈ ఏటికి చాలదు. ఏటా వేయించుకుంటే జబ్బు ముదిరే ముప్పు తగ్గుతుంది.

"పూర్తిగా మాయమైన ఫ్లూ ఉందా అక్కా?" అని ఐదో తరగతి పిల్లవాడు లేచి అడిగాడు. 2020 మార్చి తర్వాత బి/యమగాట రకం ఎక్కడా నిర్ధారణ కాలేదని ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకరు కాగితం చూడకుండా చెప్పింది. నాకెంత గర్వంగా అనిపించిందో! "ఇవన్నీ పరీక్షలో రావు కదా, ప్రాజెక్టులతో సమయం వృథా" అని నాకు ఉత్తరాలు రాసేవారిని ఒక్కటే వేడుకుంటున్నాను: ఒక్క సోమవారం వచ్చి ఆ పిల్లల ముఖాలు చూడండి. చేసి చూసిన సైన్సును వాళ్లు మరిచిపోరు. ఆ ప్రాజెక్టుల గంటను తగ్గించే ప్రసక్తే లేదు.



ఇక ఇంటి సంగతి. మీ పనుల ఒత్తిడి నాకు తెలుసు. అయినా పొద్దున పారాసిటమాల్ వేసి బస్సెక్కిస్తే మూడో పీరియడ్‌కల్లా బిడ్డ ఒళ్లు కాలిపోతోంది, పక్క బెంచీకీ అంటుకుంటోంది. ఎప్పుడో మిగిలిన యాంటీబయాటిక్ సీసాను సంచిలో పెట్టి "మధ్యాహ్నం ఒక చెంచా వేయండి" అని ఆయమ్మకు చీటీ పంపినవారూ ఉన్నారు. దయచేసి మానండి. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు, మా ఆయమ్మ డాక్టరూ కాదు. మందు వేయకుండానే 24 గంటలపాటు జ్వరం లేకపోతేనే పిల్లల్ని పంపండి. ఈ సెలవులకు హాజరు కోత ఉండదు, రాయాల్సిన నోట్సు క్లాస్ టీచర్ ఇస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు