ఎస్ఫిర్ షూబ్ గురించి అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఎడిటింగ్ అంటే అక్కరలేనిది కత్తిరించడమేనని మీ తరగతిలో కొందరు తేలిక చేసి మాట్లాడుతున్నారని నువ్వు రాసిన దగ్గరనుంచి, ఎస్ఫిర్ షూబ్ అనే సోవియట్ దర్శకురాలి గురించి నీకు చెప్పాలని ఉంది.

1894లో సురాజ్ అనే చిన్న పట్టణంలో పుట్టి, మాస్కోలో సాహిత్యం చదువుకున్న ఆమె 1922లో గోస్కినో అనే ప్రభుత్వ సినిమా సంస్థలో చేరింది. విదేశీ చిత్రాలను సోవియట్ ప్రేక్షకులకు తగినట్టు తిరిగి కూర్చడం అక్కడ ఆమె ఉద్యోగం. జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘డాక్టర్ మబూజె’ను 1924లో ఆమె అలా కూర్చుతున్నప్పుడు పక్కన ఉండి పనిచేసినవాడు, తరువాత గొప్ప సోవియట్ దర్శకుడిగా పేరుపొందిన ఐజెన్‌స్టైన్; అతని తొలి పూర్తి నిడివి చిత్రం అప్పటికి ఇంకా విడుదల కాలేదు.

రష్యా చక్రవర్తి జార్‌ను గద్దె దించిన 1917 ఫిబ్రవరి విప్లవానికి పదేళ్లు నిండే సందర్భంలో పాత వార్తాచిత్రాలతోనే ఒక సినిమా చేయాలని ఆమె తలపెట్టింది. 1926లో లెనిన్‌గ్రాడ్ వెళ్లి, చెమ్మపట్టిన నేలమాళిగల్లో పడి ఉన్న రీళ్లను వెదికి, జార్ కుటుంబం తమకోసం తీయించుకున్న దృశ్యాలను సైతం వెలికితీసి, దాదాపు 60,000 మీటర్ల ఫిల్ము చూసి, అందులోంచి ఐదువేల మీటర్లకు పైగా ఎంచుకుంది. మన తెలుగువాళ్లు తీసిన తొలి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు చూద్దామన్నా లేదు కనుక, ఆ వెదుకులాట విలువ నాకు మరింత పెద్దదిగా తోస్తుంది.

అలా 1927లో వచ్చిన చిత్రమే ‘రొమానోవ్ వంశ పతనం’; రొమానోవ్ అంటే ఆ జార్ల వంశం పేరు. అందులో ఓడ మీద దొరలూ దొరసానులూ మజుర్కా నాట్యం చేసి చెమట తుడుచుకుంటారు; ఆ వెంటనే చెమటోడ్చి మట్టిపని చేసే బీదలు కనబడతారు. ఆ రెండు దృశ్యాల్లో ఏదీ ఆమె తీయించినది కాదు, ఏ దృశ్యంలోనూ విమర్శ లేదు. రెంటినీ పక్కపక్కన పెట్టడంలోనే ఆమె చెప్పదలచినదంతా ఉంది. ఆనాటి మరో సోవియట్ డాక్యుమెంటరీ దర్శకుడు వెర్తోవ్ లాగా షాటును తునకలు చేయక, చూసేవాడు నింపాదిగా పరిశీలించేంత సేపు ఉంచడం ఆమె పద్ధతి, నాకు అన్నిటికంటే నచ్చినది అదే. అంత శ్రమ చేసినా సోవ్‌కినో అనే ప్రభుత్వ సినిమా సంస్థ మొదట ఆమెకు కర్తృత్వ హక్కు ఒప్పుకోలేదు.

తరువాత 1932లో విద్యుదీకరణ మీద శబ్దచిత్రం తీసింది, ఐజెన్‌స్టైన్ విద్యార్థులకు ఎడిటింగ్ నేర్పింది, కెమెరామన్ రొమాన్ కార్మెన్ తదితరులు స్పెయిన్ అంతర్యుద్ధ రంగంలో తీసిన దృశ్యాలతో 1939లో ‘స్పెయిన్’ కూర్చింది. 1959లో మాస్కోలో కన్నుమూసింది.

వీలు చూసుకుని ఆ 1927 చిత్రం చూడమ్మా. నాట్యం షాటును నువ్వయితే ఎక్కడ తెంచేదానివో, ఎందుకో వివరంగా రాయి.

ఇట్లు,
మీ నాన్న