మీనంబాక్కం కార్గో కౌంటర్ అన్నకు కృతజ్ఞతలు

నాన్న క్షేమంగా పోర్ట్ బ్లెయిర్ చేరారు. అదే, ఇప్పటి శ్రీ విజయపురం. ఆక్సిజన్ మిషన్ చక్కగా పనిచేస్తోంది. దీనికి కారణమైన వాళ్లకు అందరి ముందూ దండం పెట్టుకోవాలనిపించింది.

ముందుగా మీనంబాక్కంలో, అంటే చెన్నై ఎయిర్‌పోర్టులో, కార్గో తీసుకునే కౌంటర్‌లో ఉన్న అన్నకు. మనవాళ్లే, సూళ్లూరుపేట వైపు. పేరు రాయొద్దన్నారు.

ఊపిరితిత్తుల చికిత్సకు చెన్నై వచ్చిన నాన్నకు డాక్టరుగారు బ్యాటరీతో నడిచే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్) రాశారు. ఇంటి దగ్గర కరెంటు పోతే కష్టమని అదనంగా రెండు బ్యాటరీలు కొన్నాం. వాటిని ముందే కార్గోలో పంపేద్దామని ఒక ఏజెంటు చెప్పి, కాగితం మీద "ఎలక్ట్రానిక్ విడిభాగాలు" అని రాసేశాడు. అన్న ఆ మాట చూసి ఊరుకోలేదు. "లోపల ఏముందమ్మా?" అని అడిగారు. చెప్పగానే ప్యాకెట్ పక్కన పెట్టేశారు.

మర్నాడే ప్రయాణం, నాకు ఒకటే టెన్షన్. వెనక క్యూ ఉన్నా ఆయన విసుక్కోకుండా వివరంగా చెప్పారు. మా బ్యాటరీల్లాంటి విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానంలో కార్గోగా వేయడం 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధం. బ్యాటరీ లోపల ఉండే ఒక సెల్ వేడెక్కి అంటుకుంటే పక్క సెల్‌ను, అది ఆ పక్కదాన్ని అంటిస్తుంది. సామాన్ల అరలో మంటలార్పడానికి ఉండే హాలోన్ వాయువు మంటను అణచగలదు కానీ సెల్స్‌ను చల్లార్చలేదు. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్‌లో బయల్దేరిన యూపీఎస్ అనే కొరియర్ కంపెనీ కార్గో విమానంలో ఇలాంటి బ్యాటరీలున్నాయి. మంటల హెచ్చరిక వచ్చిన అరగంటలోపే అది కూలిపోయింది, పైలట్లిద్దరూ చనిపోయారు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు రెండు గంటల పైన ప్రయాణం, దాదాపు అంతా బంగాళాఖాతం మీదే. "మధ్యలో పొగ వస్తే ఎక్కడ దింపుతారమ్మా?" అన్నారు. ఆ విమానంలో కూర్చునేది మా నాన్నే కదా!

కాదని చెప్పి పంపేయడం ఆయనకు సులువే. అలా చేయలేదు. బ్యాటరీ మీద అంకె చదివి, 98 వాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత), వందలోపే కాబట్టి నాన్నే చేతిసంచిలో తీసుకెళ్లవచ్చన్నారు. క్యాబిన్‌లో అయితే పొగ వచ్చినా వెంటనే కనిపిస్తుంది, సిబ్బంది నీళ్లు పోసి చల్లార్చగలరు. బ్యాటరీల కొనలకు టేపు వేసి, ఒక్కోదాన్ని విడి కవర్లో పెట్టి చూపించారు. చెక్ ఇన్ సూట్‌కేసులో మాత్రం పెట్టొద్దని రెండుసార్లు చెప్పారు. విమానంలో మిషన్ వాడాలంటే ముందే తెలపాలని, ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి కనుక్కున్నారు కూడా.

రాత్రి పొద్దుపోయాక కూడా మిషన్ కోసం ఎయిర్‌లైన్‌కు ఇవ్వాల్సిన ఫారం నింపి సంతకం పెట్టిన డాక్టరుగారికి, దారంతా నాన్నను కనిపెట్టుకుని ఉన్న విమాన సిబ్బందికి కూడా మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం.

అన్నా, మీరు ఆ రోజు ఆపింది మా నాన్న కోసమే కాదు, ఆ విమానంలో ఉన్న అందరి కోసం. అమ్మ మీకు ప్రత్యేకంగా చెప్పమంది.

అండమాన్‌కు ఇలాంటి మిషన్‌తో వెళ్లే మనవాళ్లెవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. ఏ కాగితాలు కావాలో, బ్యాటరీలు ఎలా సర్దాలో చెబుతాను.