విధ్వంసం, విద్రోహం, చెరుపు

సంపాదకుల వారికి,

బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు పత్రిక చదివేవాళ్లం టీ కొట్టు దగ్గర ఒడియా పత్రిక కూడా తిరగేస్తుంటాం. బస్సు అద్దాలు పగలగొడితే అక్కడ ‘భంగారుజా’ అని వేస్తారు. విరగ్గొట్టి చిందరవందర చేశారని చదవగానే అర్థమైపోతుంది. మరాఠీ వాళ్లకు ‘తోడ్‌ఫోడ్’ ఉంది. మనకు మాత్రం ఇంగ్లిషు వార్తలో ‘వాండలిజం’ కనబడిందంటే ‘విధ్వంసం’ తప్ప మరో మాట తోచదు. బస్టాండులో కుర్చీ విరిచినా విధ్వంసమే, గోదాము తగలబెట్టినా విధ్వంసమే, పాత శాసనం మీద మేకుతో పేరు గీకినా విధ్వంసమే. ఊరు నేలమట్టమైన రోజున వాడుకోవడానికి ఇక ఏ మాట మిగులుతుంది?

‘వాండలిజం’ అన్న మాట వాండల్స్ పేరు నుంచి వచ్చింది. వాళ్లు ఒక జర్మానిక్ తెగ. 439లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌ను పట్టుకుని అక్కడ రాజ్యం కట్టుకున్నారు. 455లో గైసెరిక్ నాయకత్వంలో రోమ్ మీద పడి పద్నాలుగు రోజులు దోచారు. జూపిటర్ గుడి పైకప్పు మీది బంగారు పూత రేకులు సగం పీకేసుకుపోయారు. అది దోపిడీ. ఊరికే పగలగొట్టి పోవడం వాళ్ల పని కాదు. అయినా పదమూడు వందల ఏళ్ల తర్వాత ఆ పేరే పనికొచ్చింది. ఫ్రెంచి విప్లవంలో విగ్రహాలూ గ్రంథాలూ పాడవుతుంటే, 1794లో హెన్రీ గ్రెగ్వార్ అనే బిషప్పు కన్వెన్షన్ అనే విప్లవకాలపు చట్టసభకు ఇచ్చిన నివేదికలో ‘వాందలిస్మ్’ అన్నాడు. ఇంగ్లిషు అక్కడి నుంచే తీసుకుంది. కాబట్టి ఆ మాటలో లాభాపేక్ష లేదు, యుద్ధం లేదు. నలుగురిదో, పరాయివాడిదో అయిన వస్తువును తెలిసి తెలిసి పాడుచేయడమే దాని సారం.

దీనికి తెలుగులో మాట లేదనడం అన్యాయం. ‘చెరపకురా చెడేవు’ అని అంటూనే ఉంటాం కదా. చెడడం దానంతట అది జరిగేది, చెరపడం ఒకడు పనిగట్టుకుని చేసేది. వానకు గోడ చెడింది, ఎవడో గోడ చెరిపాడు. ఇంగ్లిషువాడు ‘కావాలని’ అని విడిగా చేర్చుకోవలసిన అర్థం మన క్రియలోనే ఇమిడి ఉంది. పలక మీద అక్షరాలు చెరపడం అన్నా ఇదే మాట. పురుషోత్తంపూర్ దగ్గర ఋషికుల్య ఒడ్డున జౌగడ రాతి మీద అశోకుడి శాసనాలున్నాయి. అలాంటి రాతి మీద పేరు గీకితే రాయి విధ్వంసం కాదు, అక్షరం చెరుగుతుంది. రక్షిత కట్టడాల 1958 చట్టంలో 30వ సెక్షను కూలగొట్టడంతో పాటు రూపు చెరపడాన్నీ నేరంగానే చెప్పింది: రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ‘చెరచడం’ అన్న రూపానికి ఇప్పుడు వేరే అర్థం స్థిరపడింది, నిజమే. దాన్ని వదిలేసి ‘చెరుపు’ వాడుకోవచ్చు. లేదంటే నామవాచకం గొడవే లేకుండా పగలగొట్టారు, గీకారు, తారు పూశారు, పెకలించారు అని ఉన్నది ఉన్నట్టు రాస్తే సరిపోతుంది. తెలుగు బలం క్రియల్లో ఉంది.

‘ఆకతాయిల పని’ అన్న శీర్షికతో మరో చిక్కు. చేసిందెవరో పోలీసులకే తెలియకముందు విలేకరి తేల్చేస్తున్నాడు, పైగా నేరాన్ని పిల్లచేష్టగా దించేస్తున్నాడు. రైలు మీద రాయి వేయడం ఆకతాయితనం కాదు. రైల్వే చట్టం 153వ సెక్షను కింద అయిదేళ్ల దాకా పడుతుంది. ప్రయాణికుడిని గాయపరచాలనే వేస్తే 152 కింద యావజ్జీవం దాకా పోతుంది. అలాగని పట్టా దగ్గర బోల్టు ఊడిందని వినగానే ‘విద్రోహం’ అని వేయడమూ తొందరపాటే. విద్రోహం అంటే సబోటాజ్, పని ఆగిపోవాలన్న ఉద్దేశంతో చేసేది. ఉద్దేశం తేలేదాకా ‘బోల్టు ఊడి ఉంది’ అంటే చాలు.

ఇంత చాదస్తం ఎందుకంటే, పత్రికలో మాట ఫిర్యాదు కాగితంలోకి ఎక్కుతుంది. ‘మా షాపు విధ్వంసం చేశారు’ అని రాసిచ్చిన కాగితం ఠాణాలో పెద్దగా పనికిరాదు. ఇప్పటి శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహితలో 324వ సెక్షను చూసేవి మూడు: నష్టం కలిగించాలని గానీ, కలుగుతుందని తెలిసి గానీ చేశాడా, వస్తువు పాడైందా, దాని విలువో ఉపయోగమో తగ్గిందా. దారి బోర్డుకు తారు పూస్తే బోర్డు నిలిచే ఉంటుంది, ఉపయోగం పోతుంది. పొరపాటున లారీ గుద్దితే ఈ సెక్షను రాదు. శిక్ష మామూలుగా ఆరు నెలల దాకా. నష్టం 20,000 రూపాయలకు చేరితే రెండేళ్ల దాకా, లక్షకు చేరితే అయిదేళ్ల దాకా. పాత శిక్షాస్మృతిలో రెండేళ్ల శిక్షకు గీత యాభై రూపాయల దగ్గర ఉండేది! నిప్పు పెడితే సెక్షనే మారిపోతుంది: 326. ప్రభుత్వ బస్సో, కరెంటు స్తంభమో అయితే 1984 నాటి ప్రభుత్వ ఆస్తుల చట్టం కూడా తోడవుతుంది.

అందుకే అంకె లేని ఫిర్యాదు సగం ఫిర్యాదే. గాజుపెంకులు ఊడవకముందే ఫొటోలు తీయాలి. మొదట దూరం నుంచి షాపు బోర్డు పడేలా, తర్వాత విరిగినవి ఒక్కొక్కటిగా. విసిరిన రాయిని ముట్టుకోకూడదు. షట్టరు పలకలు ఎన్ని వంగాయి, అద్దం ఎన్ని అడుగులు, బిగింపు కూలి ఎంత అన్నవి మెకానిక్ చేత రాయించుకోవాలి. కూలి కలపడం మరిచిపోయి 20,000కు ఇవతలే ఆగిపోయేవాళ్లున్నారు. సీసీ కెమెరా పెట్టె నిండితే పాత రికార్డు మీదే కొత్తది ఎక్కించేస్తుంది, వెంటనే కాపీ తీయాలి. ఇచ్ఛాపురం అవతల లారీ అద్దం పగిలినా బరంపురంలోనే జీరో ఎఫ్ఐఆర్, అంటే నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా నమోదు చేసే కేసు, అడగవచ్చు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో ఠాణాకు వెళ్లి సంతకం చేయాలి.

బీమా కాగితాల్లో దీని పేరు మళ్లీ వేరు, ‘మాలీషియస్ డ్యామేజ్’. బండికి సమగ్ర పాలసీ ఉంటే అల్లర్లు, సమ్మె, దురుద్దేశపు చర్య మూడూ అందులో ఉంటాయి. ఎదుటివాళ్ల నష్టానికే వర్తించే ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ అయితే మాత్రం విధ్వంసం అని రాసినా చెరుపు అని రాసినా సొంత అద్దానికి పైసా రాదు.

– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా